నిర్దోషి వైరస్ తాలూకు మనిషి

వైరస్‌లను పరిశోధించే పెథాలజిస్టులు మహమ్మారులను మట్టికరిపించి చరిత్రకెక్కుతారని వాడుక. మన డాక్టరుగారు కనిపెట్టిన వైరస్ ఎవరికీ ఏ హానీ చేయదు. జలుబు చేసిన భార్య గొంతులోంచి దూదిపుల్లతో తీసిన నమూనాలో, తన యౌవనంలో, ఆయన దాన్ని పట్టుకున్నారు. ఆ జలుబుకు సైతం అది కారణం కాదని తరువాత తేలింది. విజయవార్త విని ఆవిడ ఒక్క మాటే అన్నది.

"మీ వైరస్సూ మీలాంటిదేనండీ. ఎవరి జోలికీ పోదు."

ఆ సాధుజీవి జీవితచరిత్రకే ఆయన తన ఉద్యోగపర్వమంతా ధారపోశారు. సభలలో ఆయన ప్రసంగం ఎప్పుడూ భోజనానంతరమే ఉండేది. శ్రోతలు కళ్లు మూసుకుని తన్మయులై ఆలకించేవారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ గుండె ఆగి పోయింది. పరామర్శకు వచ్చిన సహోద్యోగులు ఏ వైరస్ అని ఆత్రంగా అడిగారు. గుండె అని విని, కాస్త నిరాశపడి, కాఫీ తాగి వెళ్లారు. ఆవిడ గొంతులో దొరికిన ఆ వంశం మాత్రం ప్రయోగశాల ఫ్రీజరులో, చిటికెనవేలంత గొట్టాలలో నిద్రపోతూ ఉండిపోయింది. అప్పుడప్పుడూ ఆయన ఒక గొట్టాన్ని కరిగించి, కొత్త కణాల మీద పెంచి, మళ్లీ గడ్డకట్టించేవారు. దానికి కాగితాల మీద పరిశోధన అని పేరు. ఆవిడది అంటూ లోకంలో ప్రాణంతో మిగిలింది అదొక్కటే.

ఇంతలో ఫ్రీజరులో చోటు చాలక, రోగం తెప్పించని వైరస్‌లన్నిటినీ నిర్మూలించాలని రాజాజ్ఞ వెలువడింది. రాజుగారు, అనగా డైరెక్టరు, ఒకప్పుడు ఈయన శిష్యుడే.

"గురువుగారూ, మీది ఒక్కడినైనా మంచం పట్టించిందని చెప్పండి. సింహాసనం ఎక్కిస్తాను."

దైవం ఆ మొర విన్నట్టే, పక్క ఆసుపత్రిలో జ్వరంతో చనిపోయిన ఒక బస్సు డ్రైవరు మెదడు ముక్క పరీక్షకు వచ్చింది. అందులో సాక్షాత్తూ ఆ వైరసే దొరికింది. డైరెక్టరు ముఖం పెళ్లింటిలా వెలిగిపోయింది. కొత్త మహమ్మారి అన్న అనుమానంతో డ్రైవరు భార్యనూ ఇద్దరు పిల్లలనూ అద్దాల వార్డులో పెట్టి తలుపు మూశారు. కారణం ఇదేనని ఒక్క వాక్యం రాస్తే చాలునని, గొట్టాలు భద్రం, పేరు శాశ్వతం అని డైరెక్టరు నచ్చజెప్పాడు.

డాక్టరుగారు ఆ ముక్కను పల్చగా కోసి, రంగులు పట్టించి, మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. తన కక్షిదారు నేరం రుజువు కావాలని అంతగా మొక్కుకున్న వకీలు మరొకడు ఉండడు. ఆయన వైరస్ రక్తనాళాల లోపలే ఉంది, దారినపోయే దానయ్యలాగా. చచ్చిన కణాలలో ఉన్నది వేరొకటి. దోమకాటుతో వచ్చేదే గాని మనిషినుంచి మనిషికి అంటనిది, అందరికీ పాత పరిచయమే. ఆ కంటిగొట్టంలోకి తొంగిచూసేవారు ఇంకెవరూ లేరు. ఆయన కలం మూత తీసి, పెట్టి, మళ్లీ తీశారు.

ఉన్నదున్నట్టు రాసి ఇచ్చాక డైరెక్టరు తల పట్టుకున్నాడు.

"కాస్త అనుమానమైనా మిగల్చలేరా, సార్?"

"లోపల పిల్లలున్నారు, బాబూ."

నిర్దోషి అని తేలింది కనుక మరణశిక్ష ఖాయమైంది. పెంచినవాడే నిర్మూలించాలన్నది నియమం. డాక్టరుగారు గొట్టాలను పళ్లెంలో పేర్చి, క్రిములను చంపే ఆవిరియంత్రంలో పెట్టి, తలుపు బిగించి, మీట నొక్కి, పూర్తయ్యేదాకా నిలబడ్డారు. బయటికి తీసిన పళ్లెం వెచ్చగా ఉంది. తరువాత ఎటు పోవాలో తోచక, ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూలబడ్డారు.

డ్రైవరు భార్య, అద్దాల వార్డునుంచి విడుదలై, ఒళ్లో సంచీతో, అదే బల్ల చివర కూర్చుని చిన్నవాడికి బూటు తాడు కడుతోంది. ఈయనెవరో ఆమెకు తెలియదు. ఆసుపత్రిలో పక్కవారిని ఎవరైనా అడిగేదే అడిగింది.

"మీరెవరి తాలూకండీ?"

మహాసభలలో ఏ పండితుడూ ఆయన్ని ఇంత కష్టమైన ప్రశ్న అడగలేదు.

"మా ఆవిడ తాలూకమ్మా."

"ఎలా ఉన్నారు?"

"ఇందాకే… అయిపోయింది."

ఆమె చేతులు ఆగాయి. ఏం జబ్బని అడగలేదు.

"మీకోసం ఎవరైనా వస్తున్నారా, అన్నయ్యా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. బస్సు వెళ్లిపోతుందని పెద్దది కొంగు పట్టి లాగుతోంది.

"తరవాతి దానికి పోదాంలే," అని ఆమె ఒళ్లో సంచీ తీసి కింద పెట్టింది.