కార్తీకమాసంలో ప్రోటీన్ డబ్బా

మా అత్తయ్య గంగరత్నానికి చేపలమ్మడం తప్ప వేరే జబ్బు లేదు. రేపల్లె చేపల మార్కెట్లో ముప్ఫై ఏళ్ళుగా ఒకే చోట, మూడో అరుగు మీద కూర్చుని అమ్ముతోంది. మొన్న ఆషాఢంలో అక్కడి తడి గచ్చు మీదే కాలు జారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. తెనాలిలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మూడు నెలల తర్వాత మళ్ళీ తీసుకెళ్తే డాక్టర్ గారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, "ఎముక చక్కగా అతుక్కుందమ్మా. కండే లేదు" అన్నారు.

"పీట మీద కూర్చోవచ్చా?" అని అత్తయ్య అడిగింది. ఆమెకి కావలసింది అదొక్కటే. జానెడు ఎత్తు పీట, ముందు కత్తిపీట, పక్కన నీళ్ళ బకెట్టు. మార్కెట్లో కుర్చీ వేసుకుని చేపలు కొయ్యడం కుదరదు.

"కూర్చోవచ్చు. లేవడమే సంగతి. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలిగిన రోజు వెళ్ళండి. రోజుకి అరవై గ్రాముల ప్రోటీన్ తినాలి, వ్యాయామం చెయ్యాలి" అన్నారాయన.

ఆ రోజు ఎప్పుడొస్తుందని తీరిగ్గా ఎదురుచూసే వీలు లేదు. పక్క అరుగు పుష్పలత అప్పటికే కబురు పంపింది. "కార్తీకం దాకా నీ చోటు కాస్తాను వదినా, ఆపైన మా కోడల్ని కూర్చోబెడతాను" అని. అందులో ఆమె తప్పు కూడా లేదు. కార్తీకం నెల్లాళ్ళూ మార్కెట్లో ఈగలు తోలుకోవడమే. పోలి పాడ్యమి వెళ్ళిన మర్నాడు మాత్రం ఊరు ఊరంతా నెలరోజుల ఆకలితో వచ్చి పడుతుంది. ఆ రోజు ఖాళీగా ఉన్న చోటు ఇక ఖాళీగా ఉండదు.

నేను ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్ టీచర్ని. ఇరవై ఎనిమిది మంది ఆడపిల్లల్ని మండల స్థాయి కబడ్డీకి తీసుకెళ్ళినదాన్ని, ఒక్క అత్తగారిని పీట మీద నుంచి లేపలేనా అని రొమ్ము విరుచుకున్నాను. కుర్చీ మీద రెండు దిళ్ళు వేసి కూర్చోబెట్టాను. రోజూ పొద్దునా సాయంత్రం పదేసి సార్లు లేవాలి. వారానికో దిండు తీసేస్తాను. తర్వాత స్టూలు, ఆ తర్వాత పీట. ఇంతవరకూ నా లెక్క బాగానే ఉంది.

తిండి దగ్గరే వచ్చింది చిక్కు. మా అత్తయ్య కార్తీకంలో చేపలమ్ముతుంది, కోస్తుంది, పొలుసు తీస్తుంది, తినదు. గుడ్డు కూడా ముట్టదు. ఉల్లీ వెల్లుల్లీ ఇంట్లోకి రానివ్వదు. పెళ్ళయిన ఏడు మొదలుపెట్టిన నియమం.

"ఈ ఒక్క ఏడూ మానెయ్యకూడదా అత్తయ్యా? డాక్టర్ గారే చెప్పారు కదా."

"డాక్టర్ గారు కూడా కార్తీకం చేస్తారులే" అంది. నిజంగానే ఆయన బల్ల మీద విభూతి పొట్లం చూశాను.

ఆమె తినే అన్నం, పప్పు, పెరుగు అన్నీ కాగితం మీద వేసి కూడితే ముప్ఫై ఐదు గ్రాములు దాటలేదు. నా మొగుడు యశ్వంత్ వేటకి వెళ్తూ బోటు మీద నుంచి ఫోన్ చేసి, "బాదం పప్పులు పెట్టు" అని సలహా పారేశాడు. మిగతా పాతిక గ్రాములూ బాదంపప్పుతో పెట్టాలంటే ఆమె చేత రోజూ వందకి పైగా నమిలించాలి. పొడి కొనడమే దారి.

ఆ ఆదివారం పిట్టలవానిపాలెంలో మా పుట్టింటికి వెళ్ళినప్పుడు బాపట్ల దాకా పోయి ఒక పెద్ద మందుల షాపులోకి వెళ్ళాను. గోడ నిండా డబ్బాలు. సగం డబ్బాల మీద చొక్కా లేని మగవాళ్ళు. వాళ్ళలో మా అత్తయ్యకి పనికొచ్చేవాడు ఎవడో తెలియక, "ఎముకలకీ కీళ్ళకీ" అని రాసి ఉన్న తెల్ల డబ్బా తీసి వెనక తిప్పాను. చెంచాకి ఎన్ని గ్రాములో చూశాను. అన్నిటికన్నా పెద్ద అంకె దాని మీదే ఉంది. ఇంకేం చూడలేదు. పరీక్షలో మార్కులు చూసినట్టు చూసి కొనేశాను.

సోమవారం పొద్దున మజ్జిగలో కలిపి ఇచ్చాను. అత్తయ్య తాగి గ్లాసు వాసన చూసింది.

"గ్లాసు సరిగ్గా తోమలేదే అమ్మాయ్."

మంగళవారం మళ్ళీ అదే మాట. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళుగా బడి చూసుకుని, వంట చూసుకుని, ఈమెను కుర్చీలో లేపి కూర్చోబెడుతుంటే గ్లాసు మీద పేచీ ఏమిటి? మా ఇంట్లో వాసన లేనిదేముంది? తలుపు తీస్తే వల, మూల చూస్తే ఐసు పెట్టె, యశ్వంత్ చొక్కా, చివరికి టీవీ రిమోటు కూడా చేప వాసనే. రైతుల ఇంటి నుంచి వచ్చిన నేను ఆరేళ్ళలో ఆ వాసనకి ఎంత అలవాటు పడ్డానంటే, అసలు వాసన ఉందని గుర్తే లేదు. డబ్బా మూత తీసినప్పుడు కూడా నాకు ఏమీ అనిపించకపోవడానికి కారణం అదే.

బుధవారం చింతపండు పెట్టి గ్లాసు తళతళా తోమి, ఆమె కళ్ళముందే కడిగి, కలిపి ఇచ్చాను. తాగింది. గ్లాసు చూసింది. నన్ను చూసింది.

"ఆ డబ్బా ఇటు తే."

మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం పట్టలేదు.

"ఇది చేపే. సముద్రం చేప తోలు. పొడి కొట్టి చెడగొట్టారు గానీ, లేకపోతే ఏ చేపో కూడా చెబుదును."

డబ్బా లాక్కుని చూశాను. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో 'మెరైన్ కొలాజెన్' అని ఉంది, అంటే సముద్రపు చేపదే. పక్కనే మాంసాహారమని తెలిపే గోధుమరంగు త్రికోణం. ముప్ఫై నాలుగేళ్ళ నియమం, మూడు గ్లాసుల మజ్జిగలో నా చేత్తో నేనే కలిపేశాను.

అత్తయ్య నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వాకర్ పట్టుకుని దేవుడి అర దగ్గరకి వెళ్ళి, మామూలు గొంతుతోనే చెప్పింది. "సామీ, ఈ మూడు రోజులూ మా లెక్కలో వెయ్యకు. చదువుకున్న పిల్ల, దానికి చేప వాసన తెలీదు. పోలి వెళ్ళాక ఇంకో మూడు రోజులు ఉంటాను." తర్వాత నా వైపు తిరిగింది. "ఇంక నాకు ఏ పొడీ వద్దు."

పొడి వద్దంటే పాతిక గ్రాములు లేవు, కండ లేదు, పీట లేదు, మూడో అరుగు పుష్పలత కోడలిది. ఆ రాత్రి అన్నం సయించలేదు. నా మీద నాకే కోపం. మర్నాడు స్కూల్లో పిల్లలు పరిగెత్తుతుంటే విజిల్ ఊదడం కూడా మర్చిపోయాను. సాయంత్రం వచ్చి అత్తయ్య పక్కన కూర్చుని, "నేను కొనను. మీరే వాసన చూసి మీరే కొనుక్కోండి" అన్నాను. "తెనాలి పాసింజరు ఎన్నింటికే?" అంది ఆమె.

కాలు విరిగాక ఆమె ఆసుపత్రికి కాకుండా ఇంకోచోటికి బయల్దేరడం అదే మొదలు. తెనాలిలో రాజారత్నం గారని ఒకాయన జిమ్ నడుపుతూ, ముందు గదిలో ఈ డబ్బాలు అమ్ముతారు. ఒకప్పుడు బరువులెత్తిన మనిషి. జుట్టు తెల్లబడింది గానీ మెడ ఇంకా స్తంభంలా ఉంది. నేను డబ్బాల పేర్లు అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి అత్తయ్యనే అడిగారు.

"ఏం తింటారమ్మా? ఏం తినరు? ఈ పొడితో మీకేం కావాలి?"

"పీట మీద నుంచి లేవాలి" అంది అత్తయ్య.

ఆయన నవ్వలేదు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది అక్కడే. సుగర్ ఉందా, కిడ్నీ పరీక్ష చేయించారా అని అడిగి, ఆసుపత్రి కాగితాలు చూశారు. పాలు పడతాయా అంటే, "పెరుగు పడుద్ది గానీ పాలు తాగితే పొట్ట ఉబ్బుద్దండి" అని అత్తయ్య చెప్పింది. నేను సిగ్గుపడుతూనే తెల్ల డబ్బా సంగతి చెప్పాను.

"అది చేపది కాకపోయినా మీకు పనికిరాదమ్మాయ్" అన్నారాయన. "కొలాజెన్‌లో అంకె పెద్దదే గానీ కండ కట్టడానికి కావలసినవన్నీ అందులో ఉండవు. అంకె ఒక్కటే చూస్తే ఇలాగే అవుద్ది. ఎవరు తాగుతున్నారు, దేనికి తాగుతున్నారు, మిగతా రోజంతా ఏం తింటున్నారు, అవి చూడాలి."

అత్తయ్య ఈ పాఠం వినడం లేదు. బల్ల మీద తెరిచి ఉన్న డబ్బాల్ని ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. చాక్లెట్‌ది పక్కన పెట్టి, "ఇది పిల్లకాయలకి" అంది. ఇంకోటి చూసి, "ఇది పాలు. విరిగిన పాల మీద నీళ్ళు" అంది. అది వే ప్రోటీన్. రాజారత్నం గారు కుర్చీలోంచి ముందుకి వంగారు. మూడోది చూసి, "బఠానీలు. బియ్యప్పిండి కూడా కలిసింది" అంది. డబ్బా మీద సరిగ్గా అవే రెండూ ఉన్నాయి, ఆకుపచ్చ చుక్క కూడా ఉంది. ఆ చుక్కని ఈసారి నేను మూడుసార్లు చూశాను.

"మీకు నేను ఇవ్వబోయింది కూడా ఇదేనమ్మా. పాలు లేవు, పొట్ట ఉబ్బదు" అన్నారాయన. "మీ ముక్కుకి మా షాపులో ఉద్యోగం ఇస్తాను, వస్తారా?"

"నాకు ఉద్యోగం ఉందండి" అంది అత్తయ్య.

వచ్చేటప్పుడు ఆయన నన్ను పక్కకి పిలిచి, పొడి తాగినంత మాత్రాన ఏ కాలూ లేవదని, లేవడం ఆపితే ఇదంతా వట్టి పిండేనని గట్టిగా చెప్పారు. చిన్న పొట్లం తీసుకుని ముందు పొట్టకి పడుతుందో లేదో చూడమన్నారు. పడింది. మజ్జిగలో బాగుండలేదని అత్తయ్యే పప్పుచారులో కలుపుకుంది. రెండు పూటలా రెండు చెంచాలు. చారు కాస్త చిక్కబడింది, అంతే.

దిళ్ళు పోయాయి. కుర్చీ పోయింది. స్టూలు దగ్గర రెండో రోజు మాత్రం లేవలేక చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది. నేను చెయ్యి అందించబోతే, "పో, నీ పని చూసుకో" అని కసిరింది. వంటింట్లోకి వెళ్ళి చెవి ఇటే పెట్టుకుని గరిటె తిప్పుతూ నిలబడ్డాను. నాకు తెలిసి అంత సేపు ఎవరూ ఖాళీ గిన్నెలో గరిటె తిప్పి ఉండరు. చివరికి స్టూలు కిర్రుమంది. పీట మీద నుంచి మాత్రం పోలి పాడ్యమి నాటికి కూడా గోడ పట్టుకునే లేస్తోంది. అరుగు మీద పీట దగ్గర గోడ చేతికి అందదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడు తెల్లవారుతూనే స్కూలుకి సెలవు పెట్టి ఆమెతో మార్కెట్టుకి వెళ్ళాను. చెయ్యి పట్టి పీట మీద కూర్చోబెట్టాను. జనం విరగబడ్డారు. మాగలు, చందువాలు, రొయ్యలు, ఏది పరిచినా నిమిషంలో ఖాళీ. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు పిన్నీ?" అని ఒకరు, "అక్కా, నాకు తోకముక్కలు వద్దు" అని ఇంకొకరు. అత్తయ్య కత్తిపీట మీద చెయ్యి ఆగకుండా కోస్తూ అందరికీ జవాబు చెబుతోంది. ఆమె ముఖం చూస్తే ఆషాఢం నుంచి ఇప్పటిదాకా మా ఇంట్లో వేరే ఎవరో ఉండి వెళ్ళినట్టు అనిపించింది. పుష్పలత తన అరుగు మీద నుంచి చూస్తోంది. ఆమె కోడలు కొత్త బుట్ట పట్టుకుని వెనక నిలబడి ఉంది.

ఒంటిగంటకి సరుకంతా అయిపోయింది. ఇక లేవాలి. ఎవరూ చూడకుండా ఆమెకి అడ్డంగా నిలబడి, చెయ్యి చాచాను.

అత్తయ్య నా చెయ్యి చూసింది. పక్కనున్న ఖాళీ సత్తుబేసిన్ తీసి ఆ చేతిలో పెట్టింది. రెండు అరచేతులూ మోకాళ్ళ మీద ఆన్చి, కాస్త ముందుకి వంగి, పళ్ళు బిగబట్టి లేచింది. సగంలో ఒక్క క్షణం ఆగింది. తర్వాత పూర్తిగా నిలబడి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

నాకు ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు. పక్కన పుష్పలత తన కోడలితో, "ఆ బుట్ట ఇటు మన వైపు పెట్టుకోవే" అంది.

అత్తయ్య బకెట్టులో చేతులు కడుక్కుంటూ నా వైపు చూడకుండానే అంది.

"రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు. స్కూలుకి పో."