కత్తెర బల్ల

“అంట్లు తర్వాత తోముకుందువులే. బట్టలు మార్చుకో, అలా సముద్రం దాకా వెళ్ళొద్దాం,” అన్నాడు మొగుడు.

ఆమె చేతిలో పీచు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఈ మాట విన్నది లేదు. అడిగీ అడిగీ ఎప్పుడో మానేసింది. సంతోషించాలి గదా, సంతోషం రాలేదు. తిరిగొచ్చాక ఆ అంట్లు ఎవరు తోమాలో కూడా ఆ పిలుపులోనే చెప్పేశాడు. చేతులు తుడుచుకుని లేచింది. ఏదో ఉంది దీని వెనక, అనుకుంది.

అతను బస్సు డిపోలో గుమాస్తా. ఏ బస్సు ఎన్నింటికి వెళ్ళింది, ఎన్నింటికి వచ్చింది రాయడం పని. ఇంట్లోనూ అదే పని. “పాలవాడు వచ్చి పది నిమిషాలైంది.” “నువ్వొచ్చేసరికి ఆరూ ఇరవై.” ఆమె కుట్టుపని షెడ్డులో మిషను తొక్కుతుంది. పధ్నాలుగేళ్ళుగా అదే స్టూలు, అదే మిషను. చొక్కాల అంచులు మడిచి మడిచి మెడ వంగిపోయింది.

సముద్రం ఒడ్డున అతను ముందు నడిచాడు, ఆమె నాలుగడుగులు వెనక. సంచీ ఆమె భుజానికి. అందులో అతని కళ్ళజోడు, మంచినీళ్ళ సీసా, చలేస్తుందేమోనని అతని స్వెట్టరు. ఆమెది ఒక జేబురుమాలు. ఇసుకలో చెప్పులు కూరుకుపోతున్నాయి. అతను వేయించిన పల్లీల పొట్లం కొని, తింటూ నడిచి, కాగితం ఉండచుట్టి వెనక్కి చెయ్యి చాపాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చేతి కింద ఇంకో చెయ్యి ఉంటుందని అంత ధీమా. ఆమె తీసుకుంది. తీసుకున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“చూశావా గాలి! ఇంట్లో కూర్చుంటే వస్తుందా?”

ఇంట్లో కూర్చున్నదెవరు? తెల్లారి అయిదింటికి లేచి, వండి, ఎనిమిదింటికి షెడ్డులో పడి, సాయంత్రం వచ్చి మళ్ళీ వండే మనిషికి కూర్చోవడమంటే మిషను ముందే. పైకి మాత్రం “ఊఁ” అంది. ఆమె మనసు గాలి మీద లేదు, సోమవారం మీద ఉంది. షెడ్డులో కిటికీల పక్కన పొడుగాటి కత్తెర బల్ల ఉంటుంది. గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తిరించేది అక్కడే. ఆ బల్ల దగ్గర నిలబడినవాడి మాట మీద ముప్పై మిషన్లు ఆడతాయి. ఇంతవరకు ఆడది నిలబడలేదక్కడ. ముసలి కటింగ్ మాస్టరుకి చూపు తగ్గింది, ఈ వారంతో మానేస్తున్నాడు. మధ్యాహ్నం అన్నాలప్పుడు, పారేసే గుడ్డ ముక్కల మీద ఆమె చేసే కత్తిరింపు సాధన ముసలాయన ఏడాదిగా గమనిస్తున్నాడు. “సోమవారం నించి బల్ల నీది అమ్మాయ్, ఓనరుకి చెప్పాను,” అన్నాడు మొన్న. ఆ రోజే మొగుడికి చెప్పింది. అతను టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా “ఓహో” అన్నాడు. అంతే. ఓహో.

కాస్త దూరం పోయాక అతను ఆగాడు. ఆగి సముద్రంతో మాట్లాడినట్టు అన్నాడు. “అమ్మ ఆదివారం వచ్చేస్తోంది.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేంటి, మనింటికే. అన్నయ్యా నేనూ మాట్లాడుకున్నాం. రెండేళ్ళు వాళ్ళు చూశారు, ఇప్పుడు మన వంతు.”

వాళ్ళు చూశారట! చూసింది తోడికోడలు. మంచం పట్టిన అత్తను ఎత్తీ దించీ ఆవిడ నడుం విరిగింది. “నా మీద కోపం పెట్టుకోకు చెల్లీ, ఇంక నా వల్ల కాదు,” అని పోయిన వారం ఫోనులో ఏడ్చింది. రెండేళ్ళలో బావగారు తల్లికి ఒక గ్లాసు నీళ్ళిచ్చిన పాపాన పోలేదు. అత్త మీద ఆమెకు పగేమీ లేదు. నోరు పెద్దదే కానీ, ఆవిడా ఒకప్పుడు ఇలాగే సంచీ మోసి ఉంటుంది.

“పగలు ఎవరుంటారు ఆవిడ దగ్గర?” అని అడిగింది.

అతను నవ్వాడు. “భలేదానివే! ఎవరుంటారేంటి? ఆ కుట్టుపని మానేయ్. ఎన్నాళ్ళు తొక్కుతావు? సుఖంగా ఇంటిపట్టున ఉండు.”

“సోమవారం నించి కత్తెర బల్ల నాది. చెప్పానుగా.”

“ఆ... బల్ల! అదేమైనా సింహాసనమా? ఇచ్చినప్పుడు చూద్దాంలే.” మళ్ళీ నడక మొదలెట్టాడు. “పద, బజారుకెళ్దాం. నీకో మంచి గుడ్డ కొంటాను.”

ఇచ్చినప్పుడు చూద్దామంటాడేం? ఇచ్చారని చెప్పింది గదా? ఆ మాట ఇసుకలాగా పళ్ళ మధ్య కరకరలాడుతూనే ఉంది, బస్సెక్కి బజారులో దిగేదాకా.

గుడ్డల కొట్టులో దీపాలు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఆమె చెయ్యి ముదురు ఎరుపు తాను మీద పడింది. అతను బూడిద రంగు తీయించాడు. “ఇదైతే మురికి కనబడదు,” అని కొట్టువాడికి చెప్పాడు, ఆమెకు కాదు. మూడు మీటర్లు చింపించి, డబ్బిచ్చి, పొట్లం ఆమె సంచీలో పడేశాడు.

సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర లైనింగు గుడ్డ బేరమాడుతున్న కటింగ్ మాస్టరు ఆమెను చూశాడు. ముసలాయన మొహం జాలిగా పెట్టాడు.

“చెయ్యి ఎలా ఉందమ్మాయ్?”

“ఏ చెయ్యి?”

“అదే... వణుకుడు. నిన్న మీ ఆయన మా ఇంటికొచ్చి చెప్పాడు. డాక్టరు కత్తెర పట్టొద్దన్నాట్ట గదా. నీకు తెలీనివ్వద్దన్నాడు, సిగ్గుపడుతుంది అన్నాడు. నాకు కడుపులో దాచుకోవడం చేతకాదు. ఏం చేస్తాం! బల్లని ఓనరు బావమరిదికి ఇమ్మని చెప్పేశాను. వాడికి గుడ్డ ఏ వాలున సాగుతుందో కూడా తెలీదు.”

ఆమె మొగుడి వైపు చూసింది. అతను ఫ్యానును చూస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళలో అతను అరిచాడు, కంచం విసిరాడు, వారాల తరబడి మాట్లాడకుండా ఉన్నాడు. అవన్నీ కోపాలు అనుకుని సర్దుకుంది. ఇది కోపం కాదు. చెప్పులేసుకుని, దారి వెతుక్కుంటూ ముసలాయన ఇంటికెళ్ళి, కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి, తీరిగ్గా తన చేతులు రెండూ నరికి వచ్చాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. విచిత్రం, చేతులు మాత్రం చల్లగా, నిలకడగా ఉన్నాయి.

పొట్లం విప్పింది. బూడిద గుడ్డ కొట్టు బల్ల మీద పరిచి, నాలుగు మడతలు వేసి, అరచేత్తో సాపు చేసింది.

“మాస్టరూ, చంక వంపు గియ్యండి.”

“ఇక్కడా?”

“గియ్యండి.”

ముసలాయన జేబులో సుద్ద బిళ్ళ ఎప్పుడూ ఉంటుంది. గీశాడు. చొక్కాలో చంక వంపు కత్తిరించడమే కష్టం. షెడ్డులో పరీక్ష కూడా అదే. ఒక్కసారి కూడా కత్తెర ఎత్తకుండా, సరిగ్గా గీత మధ్యలోంచి పోవాలి.

“ఏయ్, పిచ్చిపట్టిందా? కొత్త గుడ్డ!” మొగుడు ఆమె మోచెయ్యి పట్టుకోబోయాడు.

“ముట్టుకోకండి,” అంది. గట్టిగా అనలేదు. అతని చెయ్యి గాల్లోనే ఆగింది.

కొట్టువాడి కత్తెర తీసుకుంది. బరువైన కత్తెర, కొత్త చేతికి మొరాయించేది. కొట్టులో బేరాలు ఆగాయి. నాలుగు మడతల్లోంచి కత్తెర ఒకే చప్పుడుతో వంపు తిరిగి అవతలి అంచున బయటపడింది. ముసలాయన నాలుగు ముక్కలూ దీపం కిందికి తీసుకెళ్ళి, కళ్ళకు ఆనించుకుని ఒక్కొక్కటే చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఓనరు బావమరిదికి రేపే చెప్తాను, మిషను దగ్గరికి పొమ్మని,” అన్నాడు. తర్వాత మొగుడి వైపు తిరిగాడు. “మా ఇంట్లో టీ తాగి మరీ చెప్పావు గదయ్యా అబద్ధం. ఏం మనిషివి నువ్వు?”

మొగుడు గబగబా బయటికి నడిచాడు. ఆమె ముక్కలు మడతపెట్టి, కొట్టువాడికి కత్తెర ఇచ్చి, నిదానంగా వెళ్ళింది. అతను బస్టాపు దగ్గర మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“పదిమందిలో నా పరువు తీశావు. సరే, నీ పంతం నెగ్గిందిగా. మరి అమ్మ సంగతేంటి? ఆమెని రోడ్డు మీద పడేస్తావా? అంత రాతిగుండె అనుకోలేదు నిన్ను.”

ఈ మాటకి ఆమె ఏడుస్తుందని అతనికి తెలుసు. ఎప్పుడూ ఏడ్చేది. ఏడ్చి, ఒప్పుకునేది.

“రానివ్వండి,” అంది. “ఉదయం, రాత్రీ నేను చూస్తాను. పగటి సంగతి మీ అన్నయ్యతో మాట్లాడండి. మీ ఇద్దరిలో ఎవరు ఉద్యోగం మానేస్తున్నారో ఆదివారంలోగా నాకు చెప్పండి.”