అరిగిన బొటనవేలు

వెంకటశేషమ్మ ఎడమచేత్తో రొయ్యను పట్టుకుని, కుడి బొటనవేలి గోటితో తల విరిచి, అదే ఊపులో ఒంటిని నీళ్ళ టబ్బులోకి జారవిడిచింది. తల కాళ్ళ దగ్గరున్న గంపలో పడింది. మరో రొయ్యకోసం ఐసులోకి చెయ్యి పెట్టింది. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని. ఇందులో కళ్ళకు పెద్దగా పనిలేదు.

రొయ్యల షెడ్డులో పొడవాటి స్టీలు బల్లకు రెండువైపులా మామూలుగా అరవైమంది నిలబడేవారు. ఈ రోజు ఇరవై ముగ్గురున్నారు. అమెరికావాళ్ళు రొయ్యల మీద పన్ను పెంచినప్పటినుంచి లారీలు తగ్గిపోయాయి. వారానికి మూడు రోజులే పని. మనుషులు లేనిచోట బల్ల పొడిగా మెరుస్తోంది.

"గ్లౌజులు తొడుక్కోండి మే! రేపు ఇన్‌స్పెక్షన్ ఉండాది" అని సూపర్‌వైజరు గుమ్మంలోంచే అరిచి వెళ్ళిపోయాడు.

ఎవరూ తొడుక్కోలేదు. గ్లౌజు తొడిగితే గోరు పనిచెయ్యదు. గోరు పనిచెయ్యకపోతే గంటకు రెండు కేజీలు తగ్గుతాయి. కూలి కేజీల లెక్కన. వెంకటశేషమ్మకిచ్చిన జత కవరైనా విప్పకుండా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది.

పక్కన నిలబడ్డ నూర్‌బీ మోచేత్తో పొడిచింది. "ఈపొద్దు బ్యాంకుకు పోతన్నావా అక్కా?"

"పోవాల. డిపాజిట్టు గడువు తీరి తొమ్మిది దినాలాయె."

"సగం తీసి పోస్టాఫీసులో ఎయ్. బ్యాంకు మునిగితే ఎంతున్నా అయిదు లక్షలే ఇస్తారంట. మా అల్లుడు చెప్పినాడు గదా."

"ఆ మాట చెప్పిన కాడ్నించి నాకు నిద్దర్లేదు మే. నీ అల్లుడు నోరు మూసుకోనుంటే బాగుండు."

"వాడు నోరు మూసుకుంటే మా పిల్ల ఊరంతా చక్కెర పంచుతాది."

వెంకటశేషమ్మ నవ్వింది. నవ్వితే ఎడమ భుజం లాగింది. తెల్లవారినప్పటినుంచీ అట్లాగే ఉంది. ఐసువల్లే అనుకుంది.

బ్యాంకులో ఆమెకున్నది తొమ్మిది లక్షల ఎనభై వేలు. అందులో అయిదు లక్షలు భర్త చెంచురామయ్య ప్రాణం ఖరీదు. రొయ్యల గుంటలో నీళ్ళు చిలికే ఏరేటరు కరెంటు తీగ తగిలి ఆయన నీళ్ళలోనే పోయినప్పుడు, గుంట యజమాని పెద్దమనుషుల ముందు ఇచ్చాడు. రెండు లక్షలు పన్నెండు అంకణాల ఇంటి స్థలం అమ్మగా వచ్చాయి. మిగిలినవి రొయ్యలు ఒలిచిన కూలి. అంతకుముందు చెంచురామయ్య నెల్లూరులో అద్దాల ఆఫీసు పెట్టిన ఒక డిపాజిట్ కంపెనీలో లక్షన్నర కట్టాడు. ఆ బాండు కాగితం ట్రంకుపెట్టెలో గ్లౌజుల కిందే ఉంది. ఆఫీసు ఉన్నచోట ఇప్పుడు చెప్పుల షాపు ఉంది.

ఈ డబ్బంతా కూతురు సాయిలక్ష్మికోసం. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషికి నాలుగేళ్ళ పిల్ల తెలివి. పుట్టినప్పుడు ఏడవలేదు. అన్నం పెడితే తింటుంది. పెట్టకపోతే అడగదు. ఎవరూ పెట్టని రోజు ఎట్లా ఉంటుందో వెంకటశేషమ్మకు తెలుసు. ఒకసారి షెడ్డులో రెండు షిఫ్టులు చేసి వచ్చేసరికి సాయిలక్ష్మి మూతపెట్టిన అన్నం గిన్నె పక్కనే కూర్చుని, ఎండిన పెదవులతో నవ్వుతూ ఉంది.

బంగారం కొని ఇంట్లో పెట్టడానికి లేదు. ఎవరు చెయ్యి చాపినా సాయిలక్ష్మి ఇచ్చేస్తుంది. చెవి కమ్మలు తీసి ఐసుఫ్రూట్ అతనికిచ్చింది. అతను మంచివాడు కాబట్టి సాయంత్రం తెచ్చిచ్చాడు. మరిది కొడుకు పెంచల్ ఆ డబ్బు రెండు రూపాయల వడ్డీకి అడుగుతున్నాడు. "బయట ఎందుకు పెద్దమ్మా, మన గుంటలోనే ఏసుకుందాం, సాయక్కను నేను చూసుకోనా?" అన్నాడు. అనేటప్పుడు అతని కళ్ళు సాయిలక్ష్మి మీద లేవు. ఇప్పుడు రొయ్య ధర పడిపోయి అతని గుంటలో నీళ్ళు తప్ప ఏమీ లేవు.

పన్నెండున్నరకే సరుకు అయిపోయింది. ఆమె ఇంటికి పోయి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, సాయిలక్ష్మికి ఉతికిన నైటీ తొడిగి జడ వేసి, ఆటోలో విడవలూరు తీసుకుపోయింది. ఆటోలో పక్కన కూర్చున్నామె ముక్కు మీద కొంగు పెట్టుకుంది. సబ్బుకు పోయే వాసన కాదు అది.

బ్యాంకు మేనేజరు మాథ్యూకు ముప్పై అయిదేళ్ళుంటాయి. విసుక్కోడు. ఎర్రలైటు వెలిగే చిన్న మిషన్ ఆమె ముందుకు జరిపి, "బొటనవేలు పెట్టండమ్మా" అన్నాడు. మిషన్ కీచుమంది. తన జేబురుమాలుతో ఆమె వేలు తుడిచి మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ కీచుమంది. రెండు చేతుల వేళ్ళూ ఒక్కొక్కటిగా అయ్యాయి. పదిసార్లూ అదే చప్పుడు. వెనక వరుసలో ఎవరో గొణిగారు.

మాథ్యూ ఆమె చేతిని వెలుగులోకి తిప్పి చూశాడు. రొయ్యల రసం, ఐసు, క్లోరిన్ నీళ్ళు కలిసి వేలికొసల్ని నున్నగా, నానిన బఠానీ గింజల్లా చేశాయి. వాటిమీద ఒక్క గీత కూడా లేదు.

"వేలిముద్రతో కేవైసీ కాకపోతే డబ్బు కదిలించడం కుదరదమ్మా. మీ ఫోనుకు నంబరు పంపిద్దామా?"

"ఆ ఫోను మా ఆయనది నాయనా. ఆయనతోబాటే గుంటలో పడిపాయె."

"అయితే ఒక పని చెయ్యండి. ఒక పదిహేను రోజులు రొయ్యల్లో చెయ్యి పెట్టొద్దు. రోజూ కొబ్బరినూనె రాయండి. గీతలు మళ్ళీ వస్తాయి. అంతవరకూ డబ్బెక్కడికీ పోదు. ఇక్కడ భద్రంగా ఉంటుంది."

"నాక్కూడా ఇయ్యనంత భద్రమా?" అంది వెంకటశేషమ్మ.

అతను మిషన్‌ను పక్కకు జరిపాడు. ఈలోగా సాయిలక్ష్మి సరదాపడి తన బొటనవేలు మిషన్ మీద పెట్టింది. గీతలు అందాయన్నట్టు పచ్చలైటు వెలిగింది. ముద్దుగా చిన్న గంట మోగినట్టయింది. సాయిలక్ష్మి పకపకా నవ్వి మళ్ళీ పెట్టింది. మళ్ళీ పచ్చలైటు. పుట్టినప్పటినుంచీ ఏ పనీ చెయ్యని వేలు అది.

"ఈ పిల్ల పేరున ఎయ్యి నాయనా సగం" అంది తల్లి ఆశగా.

"ఆమె సొంతంగా లెక్క చూసుకోలేదు కదమ్మా. సంరక్షకులు ఉండాలి."

"నేనుండా గదా."

"మీరుంటారు. మీ తర్వాత?" అని అతను ఒక ఫారం తీసి కింద ఉన్న గడి చూపించాడు. "తల్లి తర్వాత సంరక్షకులు అని ఉంది చూడండి. ఇక్కడ సంతకం పెట్టే మనిషిని వెంటబెట్టుకుని రండి."

బయట స్టేషనరీ షాపులో ఆమె ఇరవై రూపాయలిచ్చి నీలిరంగు ఇంకు డబ్బా కొంది. రోజూ ముద్ర వేసి చూసుకుంటే గీతలు ఎప్పుడొస్తాయో తెలుస్తుందనుకుంది. ఆటోలో ఫారాన్ని ఒళ్ళో పరుచుకుని ఆ గడినే చూస్తూ కూర్చుంది. తొమ్మిది లక్షల ఎనభై వేలు ఎక్కడ దాచాలా అని ఇన్ని నెలలు ఆలోచించింది. డబ్బుకు చోటు దొరుకుతుంది. సాయిలక్ష్మికే దొరకలేదు.

నూర్‌బీ వాకిట్లో చేపలు కడుగుతోంది. వెంకటశేషమ్మ ఫారం చూపించి, కళ్ళలోకి చూడకుండా అడిగింది. "నీ పేరు రాయించనా మే?"

నూర్‌బీ చెయ్యి ఆగిపోయింది. చేతికంటిన చేప పొలుసులు దులుపుకుంది.

"రాయించొద్దక్కా."

"పెంచల్‌ను నమ్మలేను. నువ్వైతే..."

"నన్ను మాత్రం ఎట్ట నమ్ముతావు? మా కొడుకు ఆటో ఈఎంఐ మూడు నెల్ల కాడ్నించి కట్టలా. షెడ్డు మూసేస్తారని అంటన్నారు. సాయికి ఒక పూట అన్నం పెట్టమంటే పెడతా, తల దువ్వమంటే దువ్వతా. అంత డబ్బు చేతికొస్తే నేనేమైపోతానో నాకే తెల్దక్కా. నీకు అబద్ధం చెప్పలేను."

వెంకటశేషమ్మ తలూపింది. కోపం రాలేదు. ఈ ఊళ్ళో తనకు నిజం చెప్పే మనిషి ఒక్కతే ఉంది, ఆమె కూడా కాదంది.

ఇంటికొచ్చేసరికి మూడున్నర. అన్నంలో చారు పోసి కలిపి సాయిలక్ష్మికి తినిపించింది. తనకు ఆకలనిపించలేదు. పాత క్యాలెండరు కాగితం వెనక ఇంకుతో బొటనవేలు నొక్కి చూసింది. నీలంగా ఒక ముద్ద పడింది, అంతే. ఇంకోచోట నొక్కింది. అదే ముద్ద. పదిహేను రోజులు అనుకుంది. పదిహేను రోజులు పనికి పోకపోతే షెడ్డులో తన చోటు వేరేవాళ్ళకు పోతుంది. అయినా పెట్టె తెరిచి గ్లౌజుల కవరు చింపింది. పది వేళ్ళకూ కొబ్బరినూనె పట్టించి, నూనె చాపకు అంటకుండా గ్లౌజులు తొడుక్కుని, వరండాలో పడుకుంది. భుజం నొప్పి మెడదాకా ఎక్కింది. సాయిలక్ష్మి పక్కనే కూర్చుని తెల్ల గ్లౌజుల వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని ఊపుతోంది.

"ఊరికే ఉండు తల్లీ. రవ్వంతసేపు పడుకోనీ" అంది వెంకటశేషమ్మ.

అయిదు దాటాక నూర్‌బీ గిన్నెలో చేపల పులుసు పట్టుకొచ్చింది. మధ్యాహ్నం అన్న మాట ఆమె గొంతులో ముల్లులా ఉంది. వాకిట్లోంచే పడుకున్న మనిషినీ చేతుల్నీ చూసి, కావాలని గట్టిగా నవ్వింది.

"ఏందక్కా, ఇన్‌స్పెక్షన్ రేపు గదా! ఇప్పుడే తొడుక్కున్నావా?"

సాయిలక్ష్మి వేలు పెదాలమీద పెట్టుకుని "ష్, అమ్మ బజ్జుంది" అంది. పెదాలకు నీలిరంగు అంటింది. నూర్‌బీ గిన్నె కిందపెట్టి, వంగి భుజం పట్టుకుని కదిపింది. రెండోసారి కదపలేదు. ఒక చేతికున్న గ్లౌజు మెల్లగా లాగింది. లోపల వేళ్ళు నూనెతో మెరుస్తూ, అప్పటికే ఐసులో పెట్టినంత చల్లగా ఉన్నాయి.

ఇరుగుపొరుగు వచ్చారు. ఎవరో పెంచల్‌కు ఫోను చేశారు. పావుగంటలో వస్తానన్నాడు. ఇన్నాళ్ళలో అతను అంత తొందరగా ఎప్పుడూ రాలేదు. నూర్‌బీ సాయిలక్ష్మిని ఒళ్ళోకి లాక్కుని పులుసన్నం తినిపించింది. ఆ పిల్ల నోరు తెరిచి తిన్నది. రెండో ముద్ద ఆలస్యమైతే అడగలేదు.

చాప అంచున మూత తెరిచిన ఇంకు డబ్బా, దాని పక్కన బ్యాంకు ఫారం పడి ఉన్నాయి. ఆటలో సాయిలక్ష్మి కాగితం నిండా ముద్రలు వేసింది. తల్లి తర్వాత సంరక్షకులు అని రాసి ఉన్న గడి మధ్యలో, ఒక్క గీత కూడా చెరగని నీలిరంగు బొటనవేలి ముద్ర ఇంకా తడిగానే ఉంది.