తడి దుప్పటి

దుప్పటికి ఒక కొస ఇల్లాలి చేతిలో, ఇంకో కొస సర్వే అమ్మాయి చేతిలో ఉంది. ఇద్దరూ పెరట్లో ఉతుకుడు బండ పక్కన ఎదురుబొదురుగా నిలబడి చెరోవైపు మెలిపెడుతుంటే నీళ్లు బొటబొటా గచ్చు మీద పడుతున్నాయి.

"చేతిలో పనుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుందమ్మాయ్. ఒట్టినే కూచోబెట్టి అడిగితే ఏడుపొస్తుంది," అంది ఇల్లాలు. "ఇవి ఆయన చెవిన పడితే మాత్రం నన్ను బతకనివ్వడు."

"పడవు అక్కా."

సోషియాలజీ డిగ్రీ అయ్యాక అమ్మాయికి దొరికిన మొదటి ఉద్యోగం ఇది. మొగుళ్లు పెళ్లాలను ఎలా కొడతారో ఇల్లిల్లూ తిరిగి అడగడం. పైకి ఆరోగ్య సర్వే అని చెప్పాలి. మగవాడు వస్తే మాట మార్చి మంచినీళ్ల గురించి అడగాలి. అన్నిటికీ మించి, పక్కపక్క ఇళ్లలో అడగకూడదు. ఒక ఇంటి మాట రెండో ఇంటికి పాకుతుంది. నిన్న ఎండకు తాళలేక ఆమె పక్కింట్లో అడిగేసింది.

"ఎప్పుడైనా పీక నులిమాడా?"

ఇల్లాలు నోరు తెరిచేలోపే పెరటి తలుపు తెరుచుకుంది.

"నీళ్లు కాచి తాగుతారా అక్కా?" అంది అమ్మాయి, తడబడకుండా.

వచ్చినవాడు మొగుడు, ఎలక్ట్రీషియను. మాటకు ముందు నవ్వుతాడని వీధంతా అతన్ని నవ్వులాయన అంటుంది. పనిసంచి కింద పెట్టి ఇప్పుడూ నవ్వాడు.

"కాచే తాగుతాం. ఏం చదివావమ్మా?"

"సోషియాలజీ అన్నయ్యా."

"అంటే ఊళ్లోవాళ్ల సంసారాల్లోకి తొంగిచూడ్డమేగా! మా అమ్మ బడి మొహం చూడకుండానే ఆ పని చేసేది." వెనక్కి తిరగకుండానే గడియ పెట్టాడు. "నిన్న నువ్వడిగినవన్నీ పక్కింటాయన పొల్లుపోకుండా చెప్పాడులే. ఆ ప్రశ్నలే అడుగు. నా ముందు."

అమ్మాయి గడియ వైపు చూసింది. అతను పెళ్లాం జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు.

"అడుగు."

అడిగింది. శిక్షణలో నేర్పిన ఆ ఎక్కువా తక్కువా కాని గొంతుతోనే అడిగింది.

"చెంపమీద కొట్టాడా?"

"లేదు," అంది ఇల్లాలు. ముక్కులోంచి కారిన రక్తం పెదవి దాటింది.

"కాలితో తన్నాడా?"

"లేదు."

"చూశావా, దేవుడిలాంటి మొగుడు!" అని డొక్కలో తన్నాడు. "తర్వాతది?"

"పీక..."

"అది చూపిస్తేగానీ నీకర్థం కాదు."

ఒక కొస ఇంకా అమ్మాయి చేతిలోనే ఉన్న తడి దుప్పటిని పెళ్లాం మెడకు ఒక చుట్టు చుట్టి, రెండో కొస పట్టుకుని వెనక్కి వాలాడు. "నీ కొస వదిలావో, తర్వాత నీ వంతే."

అమ్మాయి గట్టిగా పట్టుకుంది. ఇల్లాలి మొహం కమిలిపోతోంది, కాళ్లు గచ్చు మీద కొట్టుకుంటున్నాయి. గుడ్లు పొడుచుకొచ్చిన ఆ చూపు మొగుడి మీద లేదు, అమ్మాయి పిడికిళ్ల మీద ఉంది. ఆ పీకను నులుముతున్నది ఒక్కడు కాదని అప్పుడు తెలిసింది ఆమెకు.

వదిలేసింది.

దుప్పటి జర్రున జారింది. అతను వెల్లకిలా పడ్డాడు. తల ఉతుకుడు బండ అంచుకు తగిలి ఫట్‌మంది. లేవబోతుంటే ఇల్లాలు పాకుతూ వెళ్లి, పనిసంచిలోంచి సుత్తి లాగి మోకాలి మీద వేసింది. ఎముక చిట్లింది. అదే చోట మళ్లీ వేసింది.

"రాసుకోవే! ఎవరు కొట్టారో రాసుకో!" అని పొర్లుతూ అరిచాడు నవ్వులాయన.

సుత్తి కింద పడింది.

"అక్కా, నిన్న నేను పక్కింట్లో..." అంది అమ్మాయి.

ఇల్లాలు ఆమెవైపు చూడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది. గడియ తీసింది. చెప్పుల్లో కాళ్లు పెట్టి వెళ్లిపోయింది.