స్పేస్ బార్ మీద స్టేప్లర్

బస్సుల కంపెనీలో కంప్యూటర్ల మీద పెట్టే డబ్బు పనికొస్తోందా, నేలపాలవుతోందా అని చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. ఛైర్మన్ స్వయానా పెదనాన్న. బస్సుల వేళలు చూసుకునే కొత్త సాఫ్ట్‌వేర్ కొని కొన్ని డిపోల్లో పెట్టిందేమో ఆయన అల్లుడు, అంటే ఆమెకు బావ. ఇరుక్కోవడమంటే ఇదే!

దాన్ని మిగతా డిపోలన్నిటికీ కొనాలని ఇవాళ సమావేశం. ఆమె వద్దంది. "రుజువు చూపించు. లేదంటే నీ విభాగం ఎత్తేస్తాను, మళ్లీ టికెట్ల లెక్కల్లో కూర్చుందువుగాని" అని పెదనాన్న ముందే తేల్చేశారు.

"పెట్టిన ప్రతి డిపోలోనూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటోంది మావయ్యా. ఇంతకంటే వాడకం ఏం కావాలి?" అన్నాడు బావ. బోర్డువాళ్లంతా తలలూపారు. ఆ పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు.

తెరిచే ఉంటుంది, ఎందుకుండదు? ఆమె డిపోలన్నీ తిరిగి చూసింది. కాసేపు ముట్టుకోకపోతే అది మూసుకుపోతుంది. మళ్లీ తెరవాలంటే కోడ్ కావాలి. భద్రత పేరుతో బావ అన్ని కోడ్‌లూ తన ఫోన్‌కే వచ్చేలా పెట్టుకున్నాడు. ఆ మహానుభావుడు ఫోన్ ఎత్తడు. అందుకే డిపోవాళ్లు పొద్దున్నే ఎలాగో బతిమాలి ఒక కోడ్ సంపాదించి, స్పేస్ బార్ మీద స్టేప్లర్ బరువుగా పెట్టేసి, బస్సుల వేళలు గోడబోర్డు మీద సుద్దముక్కతో హాయిగా రాసుకుంటున్నారు.

"రుజువేదమ్మా?" అన్నారు పెదనాన్న.

ఆమె సంగతంతా చెప్పి, "ఇవాళ స్టేప్లర్లు తీసేసి రూల్ ప్రకారం పని చెయ్యమన్నాను పెదనాన్నా. కాస్త ఆగండి" అంది.

బావ ఫోన్ మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది.

"ఎత్తవయ్యా. స్పీకర్‌లో పెట్టు" అన్నారు పెదనాన్న.

"సార్, కోడ్ చెప్పండి! గేటు దగ్గర డ్రైవర్లు నన్ను తినేస్తున్నారు!" అని ఒక డిపో నుంచి కేక.

అది పెట్టేయగానే ఇంకో డిపో. ఆ వెనకే మరోటి. బావ మొహాన కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. పెదనాన్న పొట్ట పట్టుకుని నవ్వారు.

"ముందు ఉన్నచోట సరిగ్గా పని చేయించు. అమ్మాయి చూసి సరేనన్నాకే మిగతావి. ఇకమీదట తన సంతకం లేకుండా ఈ కంపెనీలో మౌస్ కూడా కొనడానికి వీల్లేదు!"

ఆమెకు గాల్లో తేలినట్టుంది. గెలిచిన సంతోషం దాచుకోవాలని కూడా అనిపించలేదు.

బావ పక్కకొచ్చి గొణిగాడు. "ముందే నా చెవిన ఒక మాట వెయ్యొచ్చుగా మరదలా?"

"వేద్దామనే వారం నుంచి ఫోన్ చేస్తున్నాను బావగారూ. మీరు ఎత్తితేగా!"