నేలమాళిగలో ఖాళీ బల్ల

మోటెల్ వాష్‌బేసిన్‌లో పిల్లల సాక్సులు పిండుతుంటే సైరన్ మోగింది.

ముందు అది నా తలలోనే మోగిందనుకున్నాను. ఇల్లు వెతుక్కోవడానికి అమెరికా ఉత్తరాన ఉన్న మా ఊరు ఈరీ నుంచి కారులో దక్షిణాదికి బయల్దేరినప్పటి నుంచీ నా తలలో ఏదో ఒకటి మోగుతూనే ఉంది. కుళాయి నీళ్ళు మంచివో కావో, పిల్లలు ఆడుకునే గడ్డిలో పాములుంటాయేమో, కోరాకి ఉబ్బసం తిరగబెడితే ఆస్పత్రి ఎంత దూరమో. ఈరీలో మాకు మంచు ఒక్కటే బాధ. మంచు చెప్పి వస్తుంది, పార పట్టుకుని ఎదురెళ్ళవచ్చు. ఇక్కడి సుడిగాలికి ఆ మర్యాద లేదని చదివాను. సైరన్ వినిపించగానే కిటికీల్లేని గదిలోకి పోవాలి, స్నానాల తొట్టిలో పడుకోవాలి, పైన పరుపు కప్పుకోవాలి.

అదే చేశాను. సబ్బు చేతులతోనే కోరానీ, చిన్నది టెస్‌నీ తొట్టిలోకి దించాను. మంచం మీది పరుపు ఎలా లాక్కొచ్చానో నాకే తెలియదు. పిల్లల మీద నేను, నా మీద పరుపు. "అమ్మా, నా ఇన్‌హేలర్?" అంది కోరా. "నా జేబులో ఉంది, తల ఎత్తకు" అన్నాను. టెస్ నా మెడ పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది.

అప్పుడు నవ్వు వినిపించింది. పరుపు పక్కకి నెట్టి చూస్తే మా ఆయన రస్సెల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను, నావైపే తిప్పి ఉంది.

"బయట ఎండ కాస్తోంది డార్లీన్. ఆఫీసు గదిలో అడిగాను, అది ఊరికే పరీక్ష కోసం మోగించే సైరన్‌ట. కాస్త ఇటు చూడు, అమ్మకి పంపిస్తున్నా."

నేను పరుపుని తిరిగి మంచం మీద పరిచేలోపే మా అత్తగారి జవాబు వచ్చింది. "టిక్కెట్టు లేకుండా సినిమా చూపించావురా" అని రాసిందని రస్సెల్ చదివి వినిపించాడు. ఆవిడ ఇలాంటివి చాలానే అంది. టెస్ మొదటి పుట్టినరోజున చుట్టాలందరి ముందూ, "మా కోడలిది రెండు షిఫ్టుల ఉద్యోగం. పగలు బడి వంటింట్లో, తక్కిన టైమంతా భయపడ్డం" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కేకు కోస్తూ. ఆ రెండో షిఫ్టు ఎవరికోసమో ఎవరూ అడగలేదు. హీటర్ దగ్గర గ్యాసు వాసన మొదట పసిగట్టింది నేను. కారు టైరు అరిగిపోయిందని గోల చేసి మార్పించింది నేను. కోరా ఊపిరిలో పిల్లికూత లాంటి చప్పుడు గోడ అవతల్నుంచే వింటాను నేను. రస్సెల్ మంచివాడే, చెయ్యెత్తడు, తాగడు, పిల్లలంటే ప్రాణం. హాయిగా నిద్రపోతాడు. "నాకు దిండు మీద తల ఆనితే చాలు" అని గొప్పగా చెప్పుకుంటాడు. ఆయన అంత హాయిగా పడుకోవడానికి పక్కన ఒకరు మేలుకుని ఉండాలని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు, నేనూ చెప్పలేదు. పదో తరగతి దాటి చదువుకోని దాన్ని, అలాంటివి ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఊరు ఎంచుకున్నది కూడా ఆయనే. ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చని ఆయన కంపెనీ చెప్పింది. కంప్యూటర్‌లో పిల్లలు గలవాళ్ళకి దక్షిణాదిలో మేలైన ఊళ్ళంటూ ఒక జాబితా దొరికింది. అందులో పైనున్నది లారెల్ గేట్. ఈతకొలను, గేటు, గేటు దగ్గర కాపలా మనిషి. నిన్న ప్రెస్టన్ అనే ఇళ్ళ ఏజెంటు మాకు అక్కడొక ఇల్లు చూపించాడు. "సుడిగాలి వస్తే ఇక్కడ ఎక్కడికి పోవాలి?" అని నేనడిగాను. ప్రెస్టన్ రస్సెల్ వైపు తిరిగి, "మేడమ్‌కి చెప్పండి సార్, లారెల్ గేట్‌లో భయపడాల్సిందేమీ లేదు" అన్నాడు. నేను రస్సెల్ పక్కనే నిలబడి ఉన్నాను. ఈ మధ్యాహ్నం మూడింటికి మేమిద్దరం వెళ్ళి సంతకాలు పెట్టాలి. అక్కడ హోటళ్ళు ఖరీదని, ఒక కొండ ఇవతల ఉన్న ఈ చిన్న ఊళ్ళో పడుకోవడానికి దిగాం. అంతే.

తలుపు ఎవరో తట్టారు. తెల్లటి జుట్టు, మోకాళ్ళదాకా ఆప్రాన్. మోటెల్ సొంతదారు, అందరూ మిస్ ఓపల్ అంటారు.

"తప్పు నాది తల్లీ. నెల మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్ మోగిస్తారని గదిలో కాగితం పెట్టాల్సింది" అంది. నా వెనకగా బాత్రూంలోకి తొంగి చూసింది. నవ్వుతుందనుకున్నాను. "పరుపు బాగానే ఆలోచించావు. కానీ ఆ గోడ అవతల నీళ్ళ హీటర్ ఉంది. అటువైపు తల పెట్టకూడదు. పిల్లల్ని తీసుకునిరా, ఎక్కడికి రావాలో చూపిస్తాను."

రోడ్డు దాటి చర్చి కిందున్న నేలమాళిగలోకి తీసుకెళ్ళింది. బుధవారం సాయంత్రం చర్చిలో ఊరంతటికీ భోజనం. దానికోసం ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. సైరన్ పరీక్ష రోజునే టార్చిలైట్లూ నీళ్ళ డబ్బాలూ కూడా చూసుకుంటారట. సుడిగాలి వస్తే ఊరంతా దిగేది ఇక్కడికేనట. గోడల వెంట బల్లలు, వాటి కింద మడతపెట్టిన దుప్పట్లు. ఏ బల్ల ఏ ఇంటివాళ్ళదో అందరికీ తెలుసు.

"ఎవరీ పిల్ల? చేతులనిండా సబ్బు" అంది వెల్డా అనే లావుపాటావిడ.

"ఉత్తరాది నుంచి వచ్చింది. సైరన్ విని పిల్లల్ని తొట్టిలో వేసి పరుపు కప్పింది" అంది మిస్ ఓపల్.

"ఒక్కదానివే లాగావా పరుపు?"

తలూపాను.

"చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉన్నావు. మరి మీ ఆయనేం చేశాడు?"

"వీడియో తీశాడు."

అప్పుడు నవ్వారు, చిక్కుడు తొక్కలు ఒళ్ళోంచి జారిపోయేలా. ఆ నవ్వు నా మీద కాదు.

"మావాడు నయం, వరండాలోకెళ్ళి చూస్తాడు" అంది వెల్డా. "'వస్తోందే వెల్డా, భలే ఉంది, చూద్దువుగాని రా' అంటాడు. మా పైకప్పు లేచిపోయిన ఏడాది బెల్టు పట్టుకుని లోపలికి ఈడ్చాను. ఇప్పటికీ నన్ను తనే కాపాడానని చెప్పుకుంటాడు."

"ఈ ఊరి మగవాళ్ళందరూ అంతే. వాళ్ళు చూస్తేగానీ గాలి రాదనుకుంటారు" అంది మిస్ ఓపల్.

నాకు ఒక ఖాళీ గిన్నె ఇచ్చారు. ఒలుస్తూ అడగడం మొదలుపెట్టాను, ఇన్నేళ్ళ మూట ఒకేసారి విప్పినట్టు. ఆస్పత్రి? దూరమేనన్నారు. అందుకే ఫైర్ స్టేషన్‌లో ఆక్సిజన్ పెట్టించారట. అది పెట్టించేదాకా వెల్డా మేయర్‌ని ప్రార్థనలో కూడా కళ్ళు మూసుకోనివ్వలేదట. వరద? వస్తుంది. "పోస్టాఫీసు వెనకవైపు ఇల్లు తీసుకో, అటు ఎక్కదు. నెలాఖరుకి ఒకటి ఖాళీ అవుతుంది కూడా" అన్నారు. పాములు? ఉంటాయి, టెస్‌కి బూట్లు కొనమన్నారు. భయపడాల్సిందేమీ లేదని ఒక్కరూ అనలేదు. నేను అడిగిన ప్రతిదీ వాళ్ళు అప్పటికే ఎప్పుడో భయపడి, దానికొక దారి చేసిపెట్టుకున్నారు. గింజలు మసకగా కనబడసాగాయి. "థాంక్యూ" అన్నాను. మిస్ ఓపల్ తన గిన్నెలోంచి ఒక గుప్పెడు కాయలు నా గిన్నెలో వేసింది.

రస్సెల్ మెట్లు దిగి వచ్చాడు. "ఇక్కడున్నావా? పద డార్లీన్, ప్రెస్టన్ ఎదురుచూస్తుంటాడు."

"నేను సంతకం పెట్టను రస్సెల్. మనం ఈ ఊళ్ళో ఉందాం."

ఆయన నవ్వబోయి ఆగాడు. "ఈ ఊరు జాబితాలోనే లేదు."

"తెలుసు."

"ఒక్క సైరన్‌కే అంత హడలిపోయావు. ఇక్కడ భయపడకుండా ఉండగలవా?"

"భయపడతాను. కానీ ఇక్కడైతే ఒక్కదాన్నే భయపడక్కర్లేదు."

కోరా ఒక బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది, చప్పుడు లేని ఊపిరితో. టెస్ దుప్పట్లో దూరి ఆడుకుంటోంది. ఆయన వాళ్ళ వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. వెల్డా కుర్చీ జరిపి, "కూర్చో నాయనా, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా" అని ఒక గిన్నె అందించింది. ఎలా ఒలవాలో తెలియక ఆయన నా చేతులకేసి చూశాడు. చూపించాను.

మిస్ ఓపల్ మూలనున్న బల్ల మీద దుమ్ము దులుపుతోంది. అక్కడ కూర్చునేవాళ్ళు ఊరు మారిపోయాక అది ఖాళీగానే ఉందట.

"ఎంతమందికి చోటు ఉంచమంటావు తల్లీ?"

"నలుగురికి" అన్నాను. "మేం ముగ్గురం ముందొచ్చేస్తాం. ఆయన వరండాలో చూసి వస్తాడు."