తొమ్మిదో ప్రశ్న

గంట ఒక్కసారే నొక్కి ఆమె రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. ముసలివాళ్ల ఇంటి ముందు అలాగే నిలబడాలి. లోపలి మనిషి లేచి, చెప్పులు వెతుక్కుని, కిటికీలోంచి ఎవరొచ్చారో చూసుకుని తలుపు దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. రెండోసారి గంట కొడితే కంగారుపడతారు. ఆ కంగారులోనే కాలు తడబడుతుంది.

పక్కనున్న తనిఖీ అధికారిణి గంట మీద మళ్లీ వేలు పెట్టబోయింది.

"వద్దు మేడమ్, వస్తున్నారు."

"మీకెలా తెలుసు?"

"కర్ర చప్పుడు."

ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఇదే. పరిశోధన సంస్థవాళ్లు ప్రశ్నలు తయారుచేస్తారు, ఆమె గడప గడపకూ తిరిగి అడుగుతుంది. సబ్బుల గురించి అడిగింది, నిద్ర గురించి అడిగింది, బస్సుల గురించి, పాలపొడి గురించి అడిగింది. ఆమె పేరు ఏ వీధిలోనూ ఎవరికీ గుర్తుండదు. ప్రశ్నలమ్మ అంటే మాత్రం అందరికీ తెలుసు. పొట్టి మనిషి. సంచీ బరువుకి ఎడమ భుజం కాస్త కిందికి వాలిపోయింది. పెన్సిలు ఒరిపిడికి మధ్యవేలు కాయ కాచింది. ఈ రోజుతో ఆమె ఉద్యోగం ఆఖరు.

ఆఖరి రోజున ఎవరికైనా వీడ్కోలు టీ ఇస్తారు. ఆమెకు తనిఖీ వేశారు.

దానికి కారణం తొమ్మిదో ప్రశ్న. 'గత ఏడాదిలో మీరు ఎప్పుడైనా కింద పడ్డారా?' అని డెబ్బై దాటినవాళ్లను అడగాలి. ఆమెలాగే తిరిగే మిగతా పదకొండు మంది తెచ్చిన ఫారాల్లో నూటికి ఆరుగురు అవునన్నారు. ప్రశ్నలమ్మ ఫారాల్లో నూటికి నలభై మంది. ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుని ఇష్టమొచ్చినట్టు నింపేసిందని ఆఫీసులో గుసగుసలు. ఆమె చెప్పబోతే సంస్థ పెద్దాయన విననే లేదు. పది ఇళ్లలో మళ్లీ అడగమన్నాడు. తేడా వస్తే ఆమె తెచ్చిన నూట పన్నెండు ఫారాలూ చెత్తబుట్టలోకి పోతాయి. దొంగ ఫారాలు రాసిందన్న మాట ఆమె మీద శాశ్వతంగా ఉండిపోతుంది. ఇరవై ఆరేళ్లు తిరిగిన కాళ్లకు దక్కేది అదే.

తలుపు తెరుచుకుంది. దర్జీ పని మానేసి పదేళ్లయిన ముసలాయన కర్ర మీద వంగి చూశాడు.

"నువ్వా తల్లీ! మళ్లీ ఏం కొంప మునిగింది? ఇవాళ తోడు కూడా తెచ్చుకున్నావే."

"మీ జవాబులు వినాలని మేడమ్ గారే వచ్చారు బాబాయిగారూ."

అధికారిణి అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివింది.

"పడటమా? నేనా?" ఎనభై రెండేళ్ల మనిషి ఛాతీ విరిచాడు. "పడే వయసా నాది?"

మోచేతి మీద దెబ్బ నల్లగా కనబడుతూనే ఉంది. అధికారిణి 'లేదు' గడిలో టిక్కు పెట్టింది. ప్రశ్నలమ్మ పాత ఫారంలో టిక్కు 'అవును' గడిలో ఉంది. తర్వాతి రెండిళ్లలోనూ ఇదే వరస. నాలుగో ఇల్లు ఒకప్పుడు బడిలో పెద్ద టీచరుగా చేసినావిడది. ఆవిడైతే ప్రశ్న వినగానే కళ్లజోడు సవరించుకుంది.

"మూడు వందల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టినదాన్ని. నన్ను పట్టుకుని పడ్డావా అంటావేంటమ్మాయ్?"

నాలుగో టిక్కు కూడా పడింది. అధికారిణి గొంతు తగ్గించింది. "మిగతావి చూడక్కర్లేదేమోనమ్మా. ఎందుకలా రాశారో మీరే చెప్పేయండి."

ప్రశ్నలమ్మ కుర్చీ కాస్త ముందుకు లాక్కుంది.

"నేనొకటి అడగొచ్చా మేడమ్?"

అధికారిణి తలూపింది.

"టీచరుగారూ, రేపు మీ ఇంటికి కొత్తగా చుట్టం వస్తే, ఎక్కడ జాగ్రత్తగా నడవమని చెబుతారు?"

"స్నానాలగది మెట్టు దగ్గర!" టీచరమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. "సబ్బునీళ్లు నిలుస్తాయి. చూడ్డానికి ఎత్తుండదు. కాలు వేస్తే తెలుస్తుంది దాని సంగతి."

"మీకెలా తెలిసింది?"

టీచరమ్మ కొంగు అంచు సరిచేసుకుంది. కిటికీ వైపు చూసింది. "వానల్లో... ఒకసారి. సరే, రెండుసార్లు. మా కోడలికి చెప్పకండి. కర్ర పట్టుకోమని ప్రాణం తీస్తుంది."

అధికారిణి ఒళ్లో ఉన్న పాత ఫారాన్ని మొదటిసారి పూర్తిగా చూసింది. అంచున పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: 'స్నానాలగది మెట్టు. రెండుసార్లు. కోడలికి చెప్పవద్దు.'

వీధిలోకి వచ్చాక అడిగింది, "ఎక్కడ నేర్చుకున్నారిది?"

"మా అత్తగారి దగ్గర. పడ్డానని చచ్చినా ఒప్పుకునేది కాదు. నేను పెరట్లోకి వెళుతుంటే మాత్రం 'ఆ రాయి దగ్గర చూసుకోవే' అని అరిచేది. రెండేళ్లు అరిచింది. మూడో ఏడు అక్కడే పడి, మళ్లీ లేవలేదు." ప్రశ్నలమ్మ సంచీ భుజం మార్చుకుంది. "తమ సంగతి చెప్పరు మేడమ్. పక్కవాళ్ల మేలు కోసమైతే అన్నీ చెబుతారు."

దాటొచ్చిన మూడిళ్లకూ వెనక్కి వెళ్లారు. చుట్టం మాట ఎత్తగానే దర్జీ ముసలాయన స్వయంగా లేచి, వెనక గదిలో గడప చూపించి, తను ఎలా తట్టుకుని పడ్డాడో అభినయించి చూపబోయాడు. ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని ఆపాల్సి వచ్చింది. సాయంత్రానికి పది ఇళ్లూ అయ్యాయి. ఆరిళ్లలో అవును, నాలుగిళ్లలో లేదు. పాత ఫారాల్లోనూ అంతే. ఒక్క గడి తప్పలేదు.

ఆఫీసులో అధికారిణి చుట్టం ప్రశ్న సంగతి చెబుతుంటే పెద్దాయన పది ఫారాల అంచులూ వరసగా చదివాడు. గది నిండా జనం మెడలు చాచి చూస్తున్నారు.

"మిగతా పదకొండు మందీ రేపు మళ్లీ బయల్దేరండి," అన్నాడు చివరికి. "ఈ ప్రశ్నతో. అమ్మా, మీ చేత్తోనే రాసివ్వండి. టైపు చేయిస్తాను."

ఆమె నిలబడే రాసింది. రాసి, తలెత్తింది.

"సార్, మన ఆఫీసుకి కొత్తగా ఎవరైనా వస్తే ఎక్కడ జాగ్రత్తగా నడవమంటారు?"

"మూడో మెట్టు!" గది గదంతా ఒక్కసారే అరిచింది. పెద్దాయన చెయ్యి తనకు తెలియకుండానే మోకాలి మీదికి పోయింది. అది చూసి పడీ పడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ప్రశ్నలమ్మ.

టీ తాగింది. గుర్తింపు కార్డు, సంచీ అప్పజెప్పింది. కమ్మీ పట్టుకుని, మూడో మెట్టు దగ్గర కాస్త ఆగి, కిందికి దిగి, ఖాళీ భుజంతో వీధిలో కలిసిపోయింది.

టైపిస్టు పని ముగించి, ప్రశ్న రాసిన ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టబోయి మానుకుంది. ఫ్యాను గాలికి ఎగరకుండా పెన్సిలు అక్షరాల మీద పెట్టిన, ప్రశ్నలమ్మ తాగిన టీ గ్లాసు ఇంకా గోరువెచ్చగా ఉంది.